తేదీ ఎవరిది, పేరు ఎవరిది

పోయిన నెల ఈ శీర్షికలో డమాస్కస్‌లోని మర్జే కూడలి గురించి రాశాను. 2024 డిసెంబరు 8న సిరియా అధ్యక్షుడు బషర్ అల్ అసద్ దేశం విడిచి పారిపోయాక, జైళ్లలో జాడ లేకుండా పోయిన తమవాళ్ల ఫొటోలు తెచ్చి జనం ఆ కూడలిలో అతికించిన సంగతి అది. దానికి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం 2011 నాటి అరబ్ తిరుగుబాట్ల గురించే అడిగాయి. అందుకని ఈసారి పేజీలన్నీ వాటికే. నేను పంతొమ్మిదేళ్లు ఒక దినపత్రికలో విదేశీ వార్తల పేజీ చూశాను. 2011 జనవరి, ఫిబ్రవరి నెలల్లో నాది రాత్రి షిఫ్టు. అప్పుడు నేను రాసినవాటిలో తప్పులున్నాయి. కొన్ని జవాబులు వాటి దగ్గరే మొదలుపెట్టాలి.

ప్రశ్న: మేడమ్, నేను డిగ్రీ ఫైనలియర్ చదువుతున్నాను. కాలేజీ సెమినార్‌లో అరబ్ తిరుగుబాట్ల మీద మాట్లాడాలి. ట్యునీషియాలో పళ్లు అమ్ముకునే ఒక పట్టభద్రుణ్ణి మహిళా పోలీసు చెంపమీద కొట్టిందని, ఆ అవమానం భరించలేక నిప్పంటించుకున్నాడని, దాంతో అన్ని దేశాలూ భగ్గుమన్నాయని ఎక్కడ చూసినా ఉంది. అలాగే చెప్పొచ్చా?
— ఒక విద్యార్థిని, అనంతపురం

జవాబు: అమ్మా, ఇంచుమించు ఇదే వాక్యం నేనూ రాశాను. 2011 జనవరిలో నేను పెట్టిన హెడ్డింగ్ ‘చెంపదెబ్బ రాజేసిన మంట’. ఆ కటింగ్ ఇంకా నా ఫైల్లో ఉంది. ఏజెన్సీ వార్త ఇంగ్లిష్‌లో ఎలా వస్తే అలా తెలుగు చేశాను. తర్వాత అసలు సంగతి తెలిసి సవరణ వేద్దామంటే, పాత వార్త ఇప్పుడెందుకన్నారు. నేను పట్టుబట్టి ఉండాల్సింది, పట్టుబట్టలేదు. ఆ సవరణ ఇప్పుడు నీకు ఇస్తున్నాను.

అతని పేరు మహమ్మద్ బువజీజీ. వయసు 26. ఊరు సీదీ బూజీద్. సముద్రానికి దూరంగా, దేశం లోపలి భాగంలో ఉంటుంది. హోటళ్లు, ఫ్యాక్టరీలు, పెట్టుబడులు అన్నీ తీరం వెంబడి ఊళ్లకు పోతే, ఈ లోపలి జిల్లాలకు మిగిలింది సేద్యం, నిరుద్యోగం. 2010 డిసెంబరు 17న మున్సిపాలిటీ వాళ్లు అతని బండి మీది సరుకు, కాటా పట్టుకుపోయారు. చెప్పుకుందామని గవర్నర్ ఆఫీసుకు వెళ్తే ఎవరూ వినలేదు. ఆ ఆఫీసు ఎదుటే ఒంటికి నిప్పు పెట్టుకున్నాడు. 2011 జనవరి 4న ఆస్పత్రిలో చనిపోయాడు. అతనికి డిగ్రీ లేదు. హైస్కూలు చదువు కూడా పూర్తికాలేదు. కొట్టిందన్న ఉద్యోగిని నేను కొట్టలేదని చెబుతూనే ఉంది. దాదాపు నాలుగు నెలలు జైల్లో ఉంది. అతని తల్లి ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాక, 2011 ఏప్రిల్‌లో కోర్టు ఆమెను వదిలేసింది. ఆమె విడుదల వార్త మా పేజీలో రాలేదు. మొదటి వార్త నాలుగు కాలమ్‌లలో వచ్చింది.

మీ ఊళ్లో తోపుడుబండి వాళ్లను ఎవరినైనా అడిగి చూడు. కాటా పోతే ఆ రోజు బతుకు పోయినట్టే. దాన్ని విడిపించుకోవాలంటే జరిమానా కట్టాలి, లేదా ఎవరి చేతిలోనో ఎంతో కొంత పెట్టాలి. చెంపదెబ్బ కథలో ఈ కాటా కనబడదు. ఒక ఆడమనిషి కొట్టింది, మగవాడు తట్టుకోలేకపోయాడు అన్నంతవరకే మిగులుతుంది. సరుకు లాక్కునే ఆఫీసు, మొర వినని గవర్నరు ఇద్దరూ కథలోంచి జారుకుంటారు. అందుకే ఆ కథ నాకు ఇప్పుడు కష్టంగా ఉంటుంది. పట్టభద్రుడన్న మాట వేరు. డిగ్రీ చేతిలో ఉండి పని లేని కుర్రవాళ్లు ఆ జిల్లాలంతా ఉన్నారు, వీధిలోకి వచ్చింది వాళ్లే. తమ బాధను అతనిలో చూసుకున్నారు. అది అబద్ధమే అయినా, ఎవరి గుండెలోంచి వచ్చిందో తెలుస్తూనే ఉంది.

నన్నడిగితే నీ ప్రసంగం అతనితో మొదలుపెట్టకు. 2008తో మొదలుపెట్టు. ఆ ఏడాది జనవరిలో గఫ్సా ప్రాంతపు ఫాస్ఫేట్ గనుల కంపెనీ ఉద్యోగాల జాబితా ప్రకటించింది. అందులో అన్యాయం జరిగిందని రెదెయెఫ్ పట్టణం లేచింది. నిరుద్యోగులు, గని కార్మికుల భార్యలు, స్కూలు టీచర్లు ఆరు నెలలు పోరాడారు. పోలీసులు ఊరిని చుట్టుముట్టారు, కాల్పులు జరిగాయి, నాయకులను జైల్లో వేశారు. బయటి ప్రపంచానికి దాదాపు ఏమీ తెలియలేదు. 2010 మార్చిలో మొనస్తీర్ అనే తీరపట్నంలో ఇంకో చిరువ్యాపారి నిప్పంటించుకున్నాడు. ఆ మంట ఆ ఊరు దాటలేదు. సీదీ బూజీద్‌లో తేడా ఏమిటంటే, అదే రోజు జనం గవర్నర్ ఆఫీసు ముందుకు చేరారు, ఒక బంధువు ఫోన్‌లో వీడియో తీశాడు, దాన్ని అల్ జజీరా చూపించింది. టీచర్ల యూనియన్లు, లాయర్లు వెంట నిలబడ్డారు. వాళ్ల నినాదం ‘పని మా హక్కు, ఓ దొంగల ముఠా!’ నీ సెమినార్‌కు హెడ్డింగ్ కావాలంటే అది పెట్టుకో.

ఇంకొకటి తప్పకుండా చెప్పు. విప్లవం తేదీ ఏదన్న తగాదా. అధ్యక్షుడు బెన్ అలీ సౌదీ అరేబియాకు పారిపోయింది 2011 జనవరి 14న. ప్రభుత్వం ఆ తేదీనే పండగ చేసింది. రాజధాని ట్యూనిస్‌లో అంతకుముందు ‘నవంబర్ 7’ అనే కూడలి ఉండేది. బెన్ అలీ 1987లో గద్దెనెక్కిన తేదీ అది. దాన్ని ‘2011 జనవరి 14 కూడలి’ చేశారు. సీదీ బూజీద్ వాళ్లు ఒప్పుకోలేదు. మాకు విప్లవమంటే డిసెంబరు 17 అన్నారు. వాళ్లు అన్నదాంట్లో న్యాయముంది. జనవరి 14 రాజధాని తేదీ. ఆ లోపు కస్రీన్‌లో, తాలాలో, రెగెబ్‌లో కాల్పుల్లో పోయినవాళ్లకు ఆ తేదీ ఏం చెబుతుంది? 2015లో కస్రీన్ తరఫున, పాత పాలనల దౌర్జన్యాలను విచారించే సత్యం, గౌరవం కమిషన్ ముందు ఒక ఫైలు పెట్టారు. ఒక మనిషిని కాదు, మా జిల్లా మొత్తాన్నీ బాధితురాలిగా గుర్తించండి అని అందులో అడిగారు. దశాబ్దాలుగా రోడ్డు, ఆస్పత్రి, పని ఇవ్వకపోవడాన్ని కూడా హింసగా లెక్కపెట్టమని. చదివిన రోజు నేను చాలాసేపు వేరే పని చేయలేకపోయాను.

చివరకు 2021 డిసెంబరులో అధ్యక్షుడు కైస్ సయీద్ పండగను డిసెంబరు 17కు మార్చాడు. అప్పటికి అయిదు నెలల ముందే పార్లమెంటును సస్పెండ్ చేసి అధికారమంతా తన చేతిలోకి తెచ్చుకున్నాడు. సీదీ బూజీద్ అడిగిన తేదీ దొరికింది, దానితోపాటు అడగనిదీ వచ్చింది. ఈ రెండూ కలిపి చెప్పు. ఇక మృతుల అధికారిక జాబితా గెజెట్‌లో రావడానికి పదేళ్లు పట్టింది. 2021 మార్చిలో వచ్చింది. 129 మంది మృతులు, 634 మంది గాయపడినవాళ్లు. ఆ పేర్ల కోసం తల్లులు ఏళ్ల తరబడి ధర్నాలు చేశారు.

ప్రశ్న: తెలుగు పత్రికలన్నీ ‘అరబ్ వసంతం’ అనే రాస్తాయి. వసంతం అంటే నా ఈడువాళ్లకు 1967 నాటి ‘వసంత మేఘ గర్జన’ గుర్తొస్తుంది. అరబ్బులు కూడా తమ తిరుగుబాటును వసంతమనే పిలుచుకుంటారా? అక్కడ కూడా ‘ఇంక్విలాబ్’ అంటారా?
— రిటైర్డ్ సోషల్ మాస్టారు, ఒంగోలు

జవాబు: మాస్టారూ, రెండో ప్రశ్న అడిగినందుకు మీకు దణ్ణం పెట్టాలి. దాని దగ్గరికి వస్తాను.

వసంతం పేరు యూరప్ జ్ఞాపకంలోంచి వచ్చింది. 1848లో అక్కడ వరసగా లేచిన తిరుగుబాట్లను ‘జాతుల వసంతం’ అన్నారు, 1968లో ప్రాగ్ వసంతం అన్నారు. ఆ అలవాటుతో 2011లో పాశ్చాత్య పత్రికలు ఇక్కడా అదే అంటించాయి. అరబిక్‌లో దానికి మాట లేకపోలేదు, టీవీల్లో వాడతారు. వీధిలో ఉన్నవాళ్లు మాత్రం ‘సౌరా’ అన్నారు. విప్లవం అని. సీదీ బూజీద్ లేచింది నడి చలికాలంలో. కైరోలో ఇళ్లకు చేరకుండా జనం గుడారాల్లో పడుకున్నది జనవరి చలిలో. పైగా ఈజిప్టులో వసంతమంటే ఖమ్సీన్ గాలులు, ఇసుక, కళ్లు తెరవలేని రోజులు.

నాకు ఆ పేరుతో ఉన్న అసలు పేచీ ఇది. రుతువును ఎవరూ తేరు, ఎవరూ చంపరు. దానంతట అది వస్తుంది, పోతుంది. అందుకే రెండేళ్లు తిరక్కుండానే అవే పత్రికలు ‘అరబ్ శీతాకాలం’ అని తేలిగ్గా రాయగలిగాయి. ఎవరు కాల్చారు, ఎవరు ఆయుధాలు అమ్మారు అని అడిగే పని లేకుండా పోయింది.

ట్యునీషియాకైతే ‘మల్లెల విప్లవం’ అని పెట్టారు. నేనూ మురిసిపోయి రాశాను. మల్లె అంటే మనకు ప్రాణం కదా. అక్కడ మల్లెచెండు అంటే తీరపట్నాల కేఫుల్లో టూరిస్టులకు అమ్మే సరుకు. 1987లో బెన్ అలీ గద్దెనెక్కినప్పుడు కూడా ఈ పేరే వినిపించింది. లేచిన జనం తమదాన్ని ‘సౌరత్ అల్ కరామా’ అన్నారు. కరామా అంటే ఆత్మగౌరవం. ఆ మాట మన తెలుగువాళ్లకు వేరే విడమరిచి చెప్పాలా?

ఇప్పుడు ఇంక్విలాబ్. మన ఊరేగింపుల్లో ‘ఇంక్విలాబ్ జిందాబాద్’ అంటే విప్లవం వర్ధిల్లాలని. ఉర్దూ దారిలో మనకొచ్చిన అరబిక్ మాట. అయితే నేటి అరబిక్‌లో ‘ఇన్‌ఖిలాబ్’ అంటే సైనిక కుట్ర, ప్రభుత్వాన్ని కూలదోయడం. 2013 జులై 3న ఈజిప్టు సైన్యం ఎన్నికైన అధ్యక్షుడు మొర్సీని దించేసింది. దానికి ముందు జూన్ 30న లక్షల మంది మొర్సీకి వ్యతిరేకంగా వీధుల్లోకి వచ్చారు కూడా. సైన్యాన్ని మెచ్చినవాళ్లు దాన్ని ‘సౌరా’ అన్నారు, కాదన్నవాళ్లు ‘ఇన్‌ఖిలాబ్’ అన్నారు. ఒకే ఇంట్లో అన్నదమ్ములు ఈ రెండు మాటల దగ్గర విడిపోయారు. 2014 రాజ్యాంగ పీఠికలో, 2011లో తిరుగుబాటు మొదలైన జనవరి 25ను, ఈ జూన్ 30ను కలిపి ఒకే విప్లవంగా రాసేశారు. ఒక చిన్న గీత పెట్టి రెండు తేదీలను అతికించారు. దాని కింద ఎంత రక్తముందో ఆ గీత చెప్పదు.

మన చెవికి తెలిసిన ఇంకో మాట నిజాం. ట్యునీషియాలో పుట్టి కైరోకు, యెమెన్‌లోని సనాకు, సిరియాలోని డెరాకు పాకిన నినాదం ‘అష్‌షఅబ్ యురీద్ ఇస్ఖాత్ అన్‌నిజామ్’. ‘ప్రజలు ఈ నిజామ్‌ను కూల్చాలంటున్నారు’ అని. అక్కడ నిజామ్ అంటే వ్యవస్థ, పాలన. హైదరాబాద్ ప్రభువుల బిరుదులో ఉన్నది కూడా ఆ అరబిక్ మాటే. నేను మొదట ఈజిప్టు అధ్యక్షుడి పేరు పెట్టి ‘ముబారక్ గద్దె దిగాలి’ అని తెలుగు చేశాను. జనం అడిగింది దానికన్నా చాలా పెద్దది. మనిషి దిగాక వ్యవస్థ మిగలడమే తర్వాతి కథంతా కాబట్టి, ఆ అనువాదం చిన్న తప్పు కాదు.

పాలకులు పెట్టే పేర్లు కూడా గమనించండి. 1977 జనవరి 18, 19 తేదీల్లో ఈజిప్టులో రొట్టె, నూనె వంటివాటి మీద సబ్సిడీలు తీసేస్తామంటే దేశమంతా లేచింది. జనం దాన్ని రొట్టె తిరుగుబాటు అన్నారు. అధ్యక్షుడు సాదాత్ ‘హరామియ్యాల తిరుగుబాటు’ అన్నాడు. హరామీ అంటే అక్కడ దొంగ. సబ్సిడీలు మళ్లీ పెట్టక తప్పలేదు. పెట్టిన పేరును మాత్రం ఆయన వెనక్కి తీసుకోలేదు.

కైరో నుంచి మనకు నేరుగా వచ్చిన మాట కూడా ఒకటుంది. 2011 ఫిబ్రవరి 1న తహ్రీర్ కూడలి పది లక్షల మందితో నిండాలని పిలుపిచ్చారు. ఆ తర్వాత అలాంటి ప్రతి సభనూ అక్కడ ‘మిల్యూనియ్యా’ అన్నారు. ఆ మార్చి 10న హైదరాబాద్ ట్యాంక్‌బండ్ మీద తెలంగాణ ఉద్యమం జరిపిన ‘మిలియన్ మార్చ్’ పేరు ఆ గాలిలోంచే వచ్చింది. ఆ రోజు విగ్రహాలు కూలాయి కాబట్టి దాన్ని కూడా ఒక్కొక్కరు ఒక్కో పేరుతో గుర్తుపెట్టుకున్నారు.

ప్రశ్న: ఫేస్‌బుక్, ట్విట్టర్ లేకపోతే ఇవేవీ జరిగేవి కాదంటారు. నిజమేనా?
— సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, మాదాపూర్

జవాబు: కొంత నిజం. 2010 జూన్‌లో అలెగ్జాండ్రియాలో ఖాలెద్ సయీద్ అనే యువకుణ్ణి పోలీసులు కొట్టి చంపారు. అతని పేరుతో పెట్టిన ఫేస్‌బుక్ పేజీ లక్షల మందిని కలిపింది. జనవరి 25 పిలుపు అక్కడి నుంచి కూడా వెళ్లింది. కానీ ముబారక్ ప్రభుత్వం ఇంటర్నెట్‌ను పూర్తిగా కోసేసిన జనవరి 28నే అప్పటివరకు లేనంతమంది వీధిలోకి వచ్చారు. శుక్రవారం నమాజు అయ్యాక మసీదుల ముందు నుంచి ఊరేగింపులు కదిలాయి. మొదటి ప్రాణం పోయింది సూయెజ్‌లో. దానికి మూడేళ్ల ముందే, 2008 ఏప్రిల్ 6న మహల్లా బట్టల మిల్లుల ఊరు లేచింది. కైరోలో దిగిన విదేశీ విలేకరులకు ఇంగ్లిష్ వచ్చిన కుర్రాళ్లు తేలిగ్గా దొరికారు, కథ వాళ్ల ఫోన్ల చుట్టూ అల్లుకుంది. మహల్లా కార్మికురాలికి మైకు పెట్టినవాళ్లు తక్కువ.

ప్రశ్న: మేడమ్ గారూ, తహ్రీర్ రోజుల్లో మీ పేజీ నేను వదలకుండా చదివాను. చివరకు ఏమైంది? ఈజిప్టులో మళ్లీ సైన్యమే వచ్చింది. ఓడిపోయినదాన్ని పదేపదే తలుచుకోవడం ఎందుకు?
— రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, విశాఖపట్నం

జవాబు: ఫిబ్రవరి 11 రాత్రి నాకు బాగా గుర్తుంది. ముబారక్ దిగిపోయాడని ఉపాధ్యక్షుడు ఒమర్ సులేమాన్ టీవీలో చెప్పేసరికి మన టైము తొమ్మిదిన్నర. మొదటి ఎడిషన్ పేజీలు పోవాల్సిన వేళ. అందరం టెన్షన్‌తో పేజీలు మార్చాం. మార్చాక నేను టీవీ ముందు నిలబడి ఏడ్చాను. కాబట్టి ఓటమి గురించి నాకు బాధ లేదనుకోకండి. ఆ పద్దెనిమిది రోజుల్లో 846 మంది పోయారని అక్కడి నిజనిర్ధారణ కమిటీయే చెప్పింది. ఆ రోజుల్లో కూడలిలో ఉన్న ఎంతోమంది తర్వాత ఏళ్లకేళ్లు జైళ్లలో గడిపారు. ముబారక్ 2020లో చనిపోతే సైనిక లాంఛనాలతో సాగనంపారు.

మీరు ఎందుకు తలుచుకోవాలని అడిగారు. గెలిచినవాళ్లు దాన్ని మరిపించడానికి ఎంత శ్రమ పడ్డారో చూడండి.

తహ్రీర్‌కు ఆనుకుని మొహమ్మద్ మహమూద్ వీధి ఉంది. 2011 నవంబరులో అక్కడ, ముబారక్ తర్వాత వచ్చిన సైనిక మండలి పాలనకు వ్యతిరేకంగా వచ్చినవాళ్ల మీద పోలీసులు అయిదారు రోజులు విరుచుకుపడ్డారు. 40 మందికి పైగా చనిపోయారు. పెల్లెట్లు కళ్లకు గురిపెట్టి కొట్టారు. అహ్మద్ హరారా అనే పళ్ల డాక్టరుకు జనవరి 28న ఒక కన్ను పోయింది, నవంబరు 19న రెండో కన్ను పోయింది. నైలు మీది కస్ర్ అల్ నీల్ వంతెన దగ్గర కంచు సింహాలుంటాయి. కుర్రాళ్లు వెళ్లి సింహం కంటికి కట్టు కట్టారు. ఆ వీధి పేరు తీసేసి ‘స్వాతంత్ర్యపు కళ్ల వీధి’ అని రాశారు. గోడల నిండా చనిపోయినవాళ్ల ముఖాలు గీశారు. అధికారులు సున్నం కొట్టించేవారు, కుర్రాళ్లు మళ్లీ గీసేవారు. ఒక ముఖం మీద ఇంకో ముఖం, మధ్యలో సున్నం పొరలు. 2015లో ఆ గోడలో ఒక భాగాన్ని కూల్చేశారు.

నా ఫైల్లో నేను ఎక్కువసార్లు తీసి చూసుకునేది 2013 నవంబరు కటింగ్. ఆ ఆగస్టు 14న కైరోలోని రబా కూడలిలో మొర్సీ మద్దతుదారుల మీద భద్రతా దళాలు కాల్పులు జరిపాయి. ఒక్కరోజులో కనీసం 817 మంది పోయారని హ్యూమన్ రైట్స్ వాచ్ లెక్క కట్టింది. మూడు నెలలకు, నవంబరు 18న, అదే ప్రభుత్వపు ప్రధాని తహ్రీర్‌లో విప్లవ అమరుల స్మారకానికి రాయి ఆవిష్కరించాడు. మర్నాడు మొహమ్మద్ మహమూద్ వీధి రెండో వర్ధంతి. కొన్ని గంటల్లోనే జనం వచ్చి ఆ రాయిని పగలగొట్టారు. మా వాళ్లను చంపినవాళ్లు కట్టే స్మారకం మాకొద్దని. స్మారకాన్ని పగలగొట్టడం కూడా తలుచుకోవడమేనని నాకు ఆ వార్త చదివాకే అర్థమైంది. ఇప్పుడు కూడలి మధ్యలో రామ్సెస్ కాలపు రాతిస్తంభం, పొట్టేలు తలల సింహాలు ఉన్నాయి. మూడు వేల ఏళ్ల నాటివి తెచ్చి, నిన్నమొన్నటిది జరిగిన చోట నిలబెట్టారు.

జనవరి 25 సంగతి కూడా అంతే. అది మొదట పోలీసుల దినం. 1952లో ఆ తేదీన ఇస్మాయిలియాలో బ్రిటిష్ సైన్యంతో పోరాడి సుమారు 50 మంది ఈజిప్టు పోలీసులు చనిపోయారు. పోలీసులు జనాన్ని కొడుతున్నారని చెప్పడానికే 2011లో కావాలని ఆ రోజును ఎంచుకున్నారు. ఇప్పుడు సెలవు ప్రకటనలో రెండూ పక్కపక్కన వస్తాయి. ఉపన్యాసాల్లో మాత్రం ఎక్కువగా పోలీసులే వస్తారు.

ఇంత జరిగినా మిగిలినవి మిగిలాయి. కైరో మెట్రోలో ‘ముబారక్’ అనే స్టేషన్ పేరును జనం 2011లో ‘షొహదా’ అని మార్చారు. అంటే అమరులు. రోజూ లక్షల మంది నోట ఆ పేరు నలుగుతోంది. మొసిరీన్ అనే బృందం వీధుల్లో తీసిన 858 గంటల వీడియోను 2018లో అందరికీ అందుబాటులో పెట్టింది. ఏది ఎలా జరిగిందో కావాలన్నవాళ్లు చూసుకోవచ్చు. మీ మనవళ్లకు ఎప్పుడైనా చూపించండి.

ప్రశ్న: సిరియా విప్లవ దినం మార్చి 15 అని కొందరు, మార్చి 18 అని కొందరు రాస్తున్నారు. ఏది సరి?
— గుంటూరు పాఠకుడు

జవాబు: 2011 మార్చి 15న డమాస్కస్‌లో పాత బజారు హమీదియ్యాలో కొద్దిమంది నినాదాలిచ్చారు. మార్చి 18న దక్షిణాన డెరాలో వేలమంది వచ్చారు, మొదటి ప్రాణాలు పోయాయి. డెరాలో స్కూలు గోడ మీద పిల్లలు ‘నీ వంతు వచ్చింది డాక్టర్’ అని రాసినందుకు పట్టుకుపోయి హింసించారు. అసద్ కళ్ల డాక్టరు. వాళ్ల తండ్రుల కోపం అది. డెరావాళ్లు మా నెత్తురు పడ్డ తేదీయే తేదీ అంటారు. సీదీ బూజీద్, ట్యూనిస్ తగాదా లాంటిదే. నేనైతే రెండూ రాయమంటాను, ఏ తేదీన ఎక్కడ ఏం జరిగిందో పక్కన చెప్పి.

దీనికన్నా పెద్ద సంగతి, అంతకుముందు చెప్పుకోనే చెప్పుకోని తేదీ ఒకటి ఉంది. 1982 ఫిబ్రవరిలో హమా నగరాన్ని బషర్ తండ్రి హాఫెజ్ సైన్యం నేలమట్టం చేసింది. వేలమంది పోయారు. సిరియాలో దాన్ని ‘అహ్దాస్’ అనేవారు, ‘ఆ సంఘటనలు’ అని, అదీ గొంతు తగ్గించి. పిల్లలకు చెప్పకుండా పెంచారు. మర్జే కూడలిలో అతికించిన ఫొటోల కింద పేరు, పట్టుకుపోయిన తేదీ, ఫోన్ నంబరు రాసుకోగలగడం ఆ దేశంలో ఎంత కొత్తో దీన్నిబట్టి చూడండి.

ప్రశ్న: అక్కా, నమస్తే. మా బాపు 2011ల బహ్రెయిన్‌ల సెంట్రింగ్ పని చేసేటోడు. ఆయన దగ్గర ఒక 500 ఫిల్స్ నాణెం ఉంది, దాని మీద ముత్యం ఎత్తిపట్టిన బొమ్మ ఉంటది. అది ఇప్పుడు అక్కడ చెల్లదంటడు. ఏమైంది బాపూ అంటే ‘గొడవలైనయి’ అని ఊరుకుంటడు. ఆ బొమ్మ కథేంది?
— జగిత్యాల జిల్లా నుంచి ఒక తమ్ముడు

జవాబు: తమ్ముడూ, ఆ నాణెం జాగ్రత్తగా దాచుకోండి.

అది బహ్రెయిన్ రాజధాని మనామాలో ఉండిన ముత్యం స్తంభం. 1982లో గల్ఫ్ దేశాల సమావేశం కోసం కట్టారు. ఆరు దేశాలకు గుర్తుగా ఆరు తెరచాపలు, వాటి మీద ముత్యం. చమురు దొరక్కముందు బహ్రెయిన్ బతికింది ముత్యాల మీదే. మన పాతబస్తీ ముత్యాల బేరం కూడా ఒకప్పుడు ఆ సముద్రం వైపే చూసేది. 2011 ఫిబ్రవరి 14న నిరసనలు మొదలయ్యాయి, మర్నాడు జనం ఆ స్తంభం చుట్టూ గుడారాలు వేసి రాజకీయ హక్కులు అడిగారు. ఫిబ్రవరి 17 తెల్లవారుజామున నిద్రపోతున్నవాళ్ల మీద పోలీసులు పడ్డారు. మార్చి 14న సౌదీ సైన్యం రెండు దేశాలను కలిపే సముద్రపు వంతెన దాటి వచ్చింది. మార్చి 18న స్తంభాన్నే కూల్చేశారు. నిరసనకారులు దాన్ని అపవిత్రం చేశారని ప్రభుత్వ టీవీ చెప్పింది. ఆ చోట సిగ్నళ్లు పెట్టి అల్ ఫారూఖ్ జంక్షన్ అని పేరు మార్చారు. బొమ్మ ఉన్న నాణేలను కూడా చలామణిలోంచి వెనక్కి లాగేశారు. జనం మాత్రం ఆ బొమ్మను గోడల మీద గీస్తూనే ఉన్నారు.

కూల్చేటప్పుడు ఒక సిమెంటు దిమ్మ క్రేన్ మీద పడి, నడుపుతున్న వలస కార్మికుడు చనిపోయాడు. స్తంభం నిలబడాలా కూలాలా అని అతన్ని ఎవరూ అడగలేదు. బహ్రెయిన్ తిరుగుబాటు గురించి చదివినవాటిలో అతనికి ఒక్క వాక్యం దొరికితే ఎక్కువ.

అందుకే మీ బాపు మాటను నేను తీసిపారేయను. ‘గొడవలు’ అన్నది ప్రభుత్వం చెప్పించిన మాట కాకపోవచ్చు. ఆ దేశంలో సగానికి పైగా విదేశీయులే. ఆ వారాల్లో దక్షిణాసియా కార్మికుల మీద దాడులు కూడా జరిగాయి, కొందరు చనిపోయారు. రాజు వేసిన విచారణ కమిషనే ఆ నవంబరులో అది రాసింది. ఒక పక్క పోలీసులు, ఇంకో పక్క కోపంతో ఉన్న గుంపులు, మధ్యలో క్యాంపు గదిలో జీతం ఆగిన మనిషి. ఆ ఏడాది లిబియా నుంచి మన ప్రభుత్వం 15 వేల మందికి పైగా భారతీయులను వెనక్కి తెచ్చింది. వాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. అక్కడి సంగతులు వాళ్ల నోట నేను చదివింది లేదు.

బాపును తీరికగా ఉన్నప్పుడు కూర్చోబెట్టి అడుగు. రాజకీయం అడగకు. పనికి బస్సు ఏ దారిలో పోయేది, ఆ స్తంభం కనబడేదా, గుడారాలు చూశాడా, క్యాంపులో ఎన్ని రోజులు బయటికి రానివ్వలేదు, బియ్యం ఎక్కడ తెచ్చుకున్నారు, ఇంటికి ఫోన్ చేసి ఏం చెప్పాడు, ఏం చెప్పలేదు. ఆయన మాటల్లోనే, మీ యాసలోనే రాసి పంపు. పేరు వద్దంటే వేయం. నాణెం పోస్టులో పంపకు, రెండు వైపులా ఫొటో తీసి పంపితే చాలు.